పాత టేకు టేబుల్: పలకకు స్టెయిన్, కాళ్లకు రంగు. ఏది ముందు, ఎట్ల?

బురుజు_వీధి (కర్నూలు)
అన్నలకు, అక్కలకు నమస్తే. ఇంట్లో పాత భోజనం టేబుల్ ఉంది, 4 అడుగులకు 2½ అడుగులు. పై పలక మూడు టేకు చెక్కలు అతికించింది, అంగుళం మందం. కాళ్లు, చుట్టూ పట్టీలు తుమ్మ కొయ్య. వాటికి ఎప్పుడో కొట్టిన ఆకుపచ్చ ఎనామిల్ పెచ్చులు లేస్తాంది. పలక మీద పాలిష్ నల్లబారి జిడ్డు తేలింది. గ్లాసులు పెట్టిన చోట తెల్ల వలయాలు, ఒక మూల మేకు చుట్టూ నల్ల మచ్చ, రెండు చెక్కల నడుమ పోస్టుకార్డు దూరేంత సందు. పలకకు వాల్‌నట్ స్టెయిన్ వేసి పైన క్లియర్ కోటింగ్, కాళ్లకు క్రీము రంగు అనుకుంటున్నా. మిషన్లు లేవు, అంతా చేత్తోనే. ఏం కొనాల, ఎంత కొనాల?

పాలిష్_అన్న (కడప)
కొనేది తర్వాత చూద్దాం. పలక మీద ఉన్నది ఏ పాలిషో ముందు తేల్చుకో. కంటికి ఆనని అంచు దగ్గర, స్పిరిట్‌లో ముంచిన దూది అర నిమిషం అదిమి పెట్టు. దూదికి గోధుమ రంగు అంటి వేలికి జిగటగా తగిలితే లక్క పాలిష్, అదే ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు కదలకుండా ఎన్‌సీ థిన్నర్‌కు మెత్తబడితే ఎన్‌సీ లాకర్, అంటే నైట్రోసెల్యులోజ్ పాలిష్. రెండింటికీ చలించకపోతే మెలమైన్, లేకపోతే పీయూ (పాలియురెథేన్), రెండూ గట్టి కోటింగులే.

నువ్వు చెప్పే తెల్ల వలయాలను బట్టి లక్కే అయ్యుంటాది. వేడి గ్లాసు, తేమ తగిలితే లక్క అట్లనే తెల్లబడుతుంది. ఆ తెలుపు పాలిష్‌లోనే ఉంటుంది, కొయ్యకు దిగదు. పాలిష్‌తో పాటే పోతుంది. మేకు చుట్టూ నలుపు వేరే జబ్బు, అది కొయ్య లోపలిది.

లక్క అయితే రిమూవర్ (పాత రంగు, పాలిష్ లేపే మందు) దండగ. పలకను అడుగు అడుగుగా పట్టుకో. పాత బనియన్ గుడ్డ స్పిరిట్‌లో తడిపి పరిచి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఐదు నిమిషాలు ఆగు. కవరు లేకపోతే మన ఎండకు స్పిరిట్ పని మొదలుపెట్టకముందే ఎగిరిపోతుంది. తర్వాత లప్పం పట్టీతో నార వెంబడి (కొయ్య గీతలు పోయే దిక్కుగా) లాగు, బెల్లం పాకం మాదిరి ముద్దగా లేస్తాది. మిగిలింది గోనె గుడ్డ స్పిరిట్‌లో ముంచి రుద్దు. ఇనుప పీచు వద్దు, అది ఎందుకో తాడిపత్రి అన్న వచ్చి చెప్తాడు. పలకంతటికీ లీటరు స్పిరిట్ సరిపోతుంది. వంటింటి పక్కన మాత్రం చేయొద్దు. స్పిరిట్ ఆవిరి పొయ్యిని వెతుక్కుంటూ పోతుంది.

తాడిపత్రి_బండ (అనంతపురం జిల్లా)
వచ్చినా 😀. కొయ్యలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము, తడి కలిస్తే నల్ల సిరా తయారైనట్టే. నీ మేకు దగ్గర జరిగింది అదే. ఇనుప పీచు వాడితే దాని తునకలు నారలో ఇరుక్కుంటాయి. తర్వాత నీళ్ల స్టెయినో నీళ్ల కోటింగో తగలగానే నల్ల చుక్కలు లేస్తాయి.

మచ్చ పోవాలంటే ముందు మేకు పీకెయ్యాల. అది ఉన్నంతకాలం మచ్చ మళ్లీ పుడుతుంది. పాలిష్ పూర్తిగా లేచినాక ఆక్సాలిక్ ఆసిడ్ పొడి తెచ్చుకో. బండలకు పాలిష్ పట్టేవాళ్లు వాడేదే, హార్డ్‌వేర్ అంగళ్లలో దొరుకుతుంది. పావు లీటరు వేడి నీళ్లకు రెండు టీ స్పూన్లు, ప్లాస్టిక్ మగ్గులో కలుపు. ఇనుము, అల్యూమినియం గిన్నెలు పనికిరావు, వంటకు వాడే పాత్రలు అసలే వద్దు. బ్రష్‌తో పలకంతా పూయాల. మచ్చకు మాత్రమే పూస్తే అక్కడొకటే తెల్లగా తేలి, స్టెయిన్ వేసినాక కూడా గుండ్రంగా కనిపిస్తుంది. మచ్చ మీద మాత్రం ఇంకోసారి ఎక్కువ పట్టించు. 20 నిమిషాల్లో నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. చాలకపోతే ఆరినాక మళ్లీ ఒక చేయి. తర్వాత మంచి నీళ్లతో రెండుసార్లు తుడిచి, అర లీటరు నీళ్లలో స్పూను తినే సోడా కలిపి ఒకసారి, మళ్లీ మంచి నీళ్లతో ఒకసారి. రెండు రోజులు నీడన ఆరనీ.

బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఈ పనికి క్యాన్ నీళ్లు వాడు. ఈ పొడి విషం. గ్లవుజులు ఉండాల, పిల్లలకు అందకూడదు. సరిగా కడగకుండా ఆరబెట్టి సాండ్ పేపరు పట్టినావంటే ఆ పొడి ముక్కు, గొంతు మండిస్తుంది.

చిత్రిక (అనంతపురం)
పలక ఆరేలోపు సందు సంగతి చూడండి. అందరూ చేసే పని రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరడం. రెండు నష్టాలు. ఒకటి, ఫెవికాల్ ఉన్న చోట స్టెయిన్ పట్టదు, పాలిపోయిన గీత మిగులుతుంది. రెండు, మన దగ్గర వేసవికి చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, అక్టోబరు, నవంబరు వానలకు ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు లప్పం నలిగి పైకి తేలుతుంది, కుంచించుకున్నప్పుడు రాలిపోతుంది.

అసలు సందు ఎందుకు వచ్చిందో పలక తిరగేసి చూడండి. అడుగున అడ్డపట్టీలకు మేకులో స్క్రూలో బిర్రుగా బిగించి ఉంటాయి. చెక్కకు కదిలే చోటు లేక అతుకు దగ్గర విడిపోయింది. పట్టీలోని స్క్రూ బెజ్జాలను చెక్క వెడల్పు దిక్కుగా సాగదీసి పొడుగు బెజ్జాలు చేసి, వాషరు వేసి, మరీ బిగించకుండా తిప్పండి. ఇక సందుకు: అతుకు మొదలుకుని చివరిదాకా విడిపోయి ఉంటే చెక్కలు పూర్తిగా విడదీసి, పాత జిగురు గీకేసి కొత్తగా అతికించడమే మంచిది. సగమే విడిపోయి ఉంటే టేకు సన్న బద్ద చెక్కి, ఒక పక్కకే జిగురు రాసి దింపండి. రెండో పక్క వదిలేస్తే చెక్క ఆడుకుంటుంది. బద్ద కొంచెం ఎత్తుగా ఉంచి, ఆరినాక చిత్రిక పట్టండి.

ఎట్లాగూ స్క్రూలు విప్పుతున్నారు కాబట్టి పలక, కాళ్ల చట్రం రెండూ వేరు చేసుకోండి. ఏది ముందు అన్న ప్రశ్నే ఉండదు. ఒకదాని చుక్కలు ఇంకోదాని మీద పడవు.

ఏడురోడ్లు (కడప)
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది ప్లైవుడ్ టేబుల్, పైన టేకు వెనీర్. ఇదే పద్ధతా?

చిత్రిక (అనంతపురం)
కాదండీ. వెనీర్ కాగితమంత పలచన, మిల్లీమీటరు కూడా ఉండదు. 80 నంబరు గరుకు సాండ్ పేపరు పట్టినారంటే అడుగు ప్లై బయటపడుతుంది, దానికి మందు లేదు. రిమూవర్‌తోనే పాలిష్ లేపి, 180తో చేత్తో తేలిగ్గా తుడవండి. అంచుల దగ్గర చేయి అస్సలు అదమొద్దు. వెనీర్ ఎక్కడైనా ఉబ్బి ఉంటే నార వెంబడి బ్లేడుతో సన్న గాటు పెట్టి, ఇంజెక్షన్ సిరంజితో ఫెవికాల్ ఎక్కించి, ప్లాస్టిక్ కవరు పరిచి పైన కడప బండ ముక్క పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మీ ఊళ్లో బండకు కరువా! సన్‌మైకా అయితే స్టెయిన్ ఆశ వదులుకోండి, దానికి రంగు ఒక్కటే దారి.

తుంగభద్ర_అక్క (కర్నూలు)
కాళ్ల ఆకుపచ్చ రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్‌లో, అందులోనూ పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో సీసం క్రోమేట్ ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పొడిగా సాండ్ పేపరు పట్టొద్దు తమ్ముడూ. మంట పెట్టి కాల్చడం ఇంకా ప్రమాదం, సీసం పొగై పోతుంది.

పేపర్లు పరిచి, రిమూవర్ ఒక దిక్కుగా మందంగా పూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. రంగు ముడతలు తేలినాక గీకండి. రిమూవర్‌ను బ్రష్‌తో అటూ ఇటూ రుద్దితే పైన కట్టిన పొర తెగి మందు ఆవిరైపోతుంది. ఆరుబయటే చేయాలి, మూసిన గదిలో ఆ ఆవిరి ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిన చారలు వాటర్ పేపరు తడిపి రుద్దండి. గీకిన చెత్త కాగితంలో చుట్టి మూట కట్టండి, వాకిట్లో ఊడ్చి మట్టిలో కలపొద్దు.

అంతా లేపాలని కూడా లేదు. గట్టిగా ఉన్నట్టు కనిపించే చోట బ్లేడుతో చిన్న చదరాలు గీసి, సెల్లో టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. చదరాలు ఊడి రాకపోతే ఆ రంగును అట్లే ఉంచి, అంచులు మాత్రం నున్నగా జారుడు చేసి పైన కొట్టొచ్చు.

పాలిష్_అన్న (కడప)
అక్క చెప్పింది ఖాయం. పైగా తుమ్మ కొయ్యలో టానిన్ ఎక్కువ, దాని చెక్కు తోళ్లు పదును చేసేందుకు వాడేదే కదా. ఆ కొయ్య మీద నేరుగా నీళ్ల రంగు, అందులోనూ క్రీము కొడితే, రెండో రోజుకే టీ మరకల మాదిరి పసుపు చారలు పైకి వస్తాయి. ఎన్ని కోట్లు వేసినా వస్తానే ఉంటాయి. కొయ్య బయటపడిన చోటల్లా ఒక పలచటి లక్క కోటు కొట్టు. లీటరు స్పిరిట్‌కు 100 గ్రాముల లక్క రేకులు, నీకు పావు లీటరు చాలు. ఒక రాత్రి నానబెట్టి గుడ్డలో వడకట్టు. గాజు సీసాలోనే, ఇనుప డబ్బాలో పెడితే నల్లబడుతుంది. దాని మీద ఆయిల్ వుడ్ ప్రైమర్, గుంటలకు లప్పం, 180 పేపరు, లప్పం పెట్టిన చోట మళ్లీ ప్రైమర్ తుడుపు, ఆ పైన ఎనామిల్ రెండు కోట్లు. కోటుకూ కోటుకూ ఒక రాత్రి ఎడం. ముందు పొర లోపల పచ్చిగా ఉండగా రెండోది వేస్తే ముడత పడుతుంది.

నువ్వు క్రీము అనుకోవడం మంచిదైంది. తెల్ల ఆయిల్ ఎనామిల్ వెలుతురు తగలని గదిలో ఏడాది రెండేళ్లకు పసుపు తిరుగుతుంది. క్రీములో అది కనపడదు.

బురుజు_వీధి (కర్నూలు)
చాలా థ్యాంక్స్. స్పిరిట్ పెడితే గోధుమ రంగు వచ్చింది, లక్కే. ఇప్పుడు పలకకు ఏ నంబరు పేపరు, స్టెయిన్ ఎట్ల వేయాలో చెప్పండి.

చిత్రిక (అనంతపురం)
80 అవసరమైతేనే, చిత్రిక పట్టిన అతుకు దగ్గర. తర్వాత 120, ఆ తర్వాత 180. అక్కడ ఆపండి. ఇంకా నున్నగా చేస్తే రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లేతగా పడుతుంది. చెక్క కొనలు మాత్రం 240 దాకా పట్టండి, కొనలు స్పంజిలాగా తాగి నల్లగా తేలతాయి కాబట్టి.

పేపరును ఉత్త చేత్తో కాక, అరచేతిలో ఇమిడే చెక్కముక్కకు చుట్టి పట్టాల. వేళ్లతో పడితే వేళ్ల కింద గుంటలు పడతాయి. ప్రతి నంబరుకు ముందు పెన్సిల్‌తో పలకంతా తేలిగ్గా గీతలు గీయండి, గీతలన్నీ చెరిగితే ఆ నంబరు పని అయినట్టు. అడ్డంగా పడిన ఒక్క గీర కూడా మిగలకూడదు. పొడిగా ఉన్నప్పుడు కనపడదు, స్టెయిన్ పడగానే నల్ల గీతై కూర్చుంటుంది. అందుకే స్టెయిన్‌కు ముందు పలకను స్పిరిట్ గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా, తల వంచి చూడండి. తడిగా ఉన్న ఆ అర నిమిషంలో దాగున్న గీరలు, జిగురు మరకలు, మిగిలిన లక్క అన్నీ బయటపడతాయి. లక్క మిగిలిన చోట మెరుస్తుంది, కొయ్య తాగిన చోట మెరవదు.

అనంత_గాలి (ధర్మవరం)
స్టెయిన్ గురించి నాలుగు మాటలు. టేకులో నూనె ఉంటుంది, కాబట్టి వేసే ముందే థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి పావుగంట ఆగాల. డబ్బా అడుగుదాకా కలపాల, రంగంతా అడుగునే ఉంటుంది. పలక అడుగు వైపు ముందు వేసి చూడు. డబ్బా మీద బొమ్మ నమ్మొద్దు, టేకు సొంత గోధుమ రంగు కలిసి వాల్‌నట్ కాఫీ పొడి రంగుకు తిరుగుతుంది. చూసేటప్పుడు దాని మీద క్లియర్ కూడా ఒక తుడుపు వెయ్యి, అసలు రంగు అప్పుడే తెలుస్తుంది.

గుడ్డ ముద్దతో ఒక్కో చెక్కను ఈ కొన నుంచి ఆ కొనకు, ఎక్కడా ఆగకుండా పట్టించి, రెండు మూడు నిమిషాల్లో పొడి గుడ్డతో నార వెంబడి తుడిచెయ్. ముదురు కావాలంటే ఎక్కువసేపు వదలడం కాదు, ఆరినాక రెండోసారి వేయడం. తుడవకుండా వదిలిన స్టెయిన్ పైన పొరగా ఆరి, క్లియర్‌తో పాటు పెచ్చుగా లేస్తుంది. నడుమ ఆరిపోయి మచ్చ కడితే అదే స్టెయిన్ మళ్లీ పూసి వెంటనే తుడువు, కరిగి కలిసిపోతుంది. చేవ పక్కన తెల్ల కొయ్య చార ఉంటే దానికి సన్న బ్రష్‌తో ముందే ఒక చేయి వేసుకో.

ఇంకొకటి. థిన్నర్ స్టెయిన్ మీద ఎన్‌సీ సీలర్ (కొయ్య రంధ్రాలు మూసే తొలి కోటు) బ్రష్‌తో రుద్దితే సీలర్‌లోని థిన్నర్ స్టెయిన్‌ను కరిగించి లాగేస్తుంది, పలకంతా చారలు. చేత్తో చేసేవాళ్లకు నీళ్ల స్టెయిన్ మేలు. అది నార లేపుతుంది, అందుకని ముందే తడి గుడ్డతో తుడిచి, ఆరినాక లేచిన నారను 180తో తేలిగ్గా కొట్టెయ్యాల.

పాలిష్_అన్న (కడప)
పైన క్లియర్‌కు నా మాట మెలమైన్. భోజనం టేబుల్‌కు వేడి, పులుసు, నిమ్మకాయ అన్నీ తట్టుకోవాల. సాధారణంగా 10 పాళ్లకు 1 పాలు హార్డెనర్, డబ్బా మీద రాసింది చూసుకుని కొలిచి కలపాల. హార్డెనర్ ఎక్కువైతే గట్టిపడి పగుళ్లు, తక్కువైతే ఎన్నాళ్లైనా జిగట.

తుంగభద్ర_అక్క (కర్నూలు)
అన్నా, మెలమైన్ స్ప్రే గన్ ఉన్నవాళ్లకు. బ్రష్‌తో వేస్తే తొందరగా గట్టిపడి గీతలు నిలిచిపోతాయి. దాంట్లోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాసనకు ఇంట్లో కళ్లు మండుతాయి. ఇంటి పనికి హార్డెనర్ కలపక్కర్లేని సింగిల్ ప్యాక్ పీయూ చాలు. రెండు డబ్బాల పీయూ ఇంకా గట్టిదే, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే ఊపిరికి హాని చేసే రసాయనం ఉంటుంది, సరైన మాస్కు లేకుండా స్ప్రే చేయకూడదు. అది పనివాళ్లకు వదిలేద్దాం.

పాలిష్_అన్న (కడప)
గన్ లేదన్నాడు కదా, సరే. పీయూనే కానీ. అయితే లక్క ఒక్క చుక్క మిగలకూడదు. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద పీయూ పట్టు దొరక్క రేకులుగా లేస్తాది. మొదటి కోటు కంపెనీ చెప్పిన థిన్నర్ పదో వంతు కలిపి పలచగా, తర్వాత రెండు కోట్లు. కోట్ల నడుమ 320తో మెరుపు చచ్చేదాకా తేలిగ్గా పట్టి, తడి గుడ్డతో దుమ్ము తీసెయ్. డబ్బా ఊపొద్దు, బుడగలు వస్తాయి, పుల్లతో నిదానంగా కలుపు. పలక అడుగు వైపు కూడా ఒక కోటు వెయ్యాల. ఒక పక్కే మూసేస్తే రెండో పక్క తేమ పీల్చి, వదిలి పలక వంగుతుంది. పీయూ వేస్తుంటే చిన్న గుంటలుగా విడిపోతుంటే అది పాత ఫర్నిచర్ స్ప్రేలోని సిలికాన్. వెంటనే తుడిచేసి థిన్నర్‌తో కడిగి మళ్లీ మొదలుపెట్టు, పైన ఇంకో కోటు వేసి కప్పాలని చూడొద్దు.

అనంత_గాలి (ధర్మవరం)
వేళ చూసుకోండప్పా, దాంట్లోనే సగం పని చెడేది. ఏప్రిల్, మే ఎండలకు మధ్యాహ్నం బ్రష్ పెట్టకముందే పైపొర ఆరి లోపల బుడగలు నిలుస్తాయి. పొద్దున్నే ఆరు, ఏడు గంటలకు, నీడన. పలకను ఎండలో ఆరబెట్టడం అసలు వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా మా వైపు గాలి సంగతి తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలల్లో మిద్దె మీద క్లియర్ వేస్తే దుమ్మంతా దాంట్లోనే. తలుపు మూసి గది నేల మీద రోంత నీళ్లు చల్లి, దుమ్ము కూర్చున్నాక అరగంటకు మొదలుపెట్టండి. ఫ్యాను ఆపండి. ఇక వాన ముసురులో ఎన్‌సీ లాకర్ వేస్తే పొగ పట్టినట్టు తెల్లబారుతుంది, పీయూకు ఆ బాధ తక్కువ.

చిత్రిక (అనంతపురం)
ఎంత కొనాలని మొదట అడిగారు. పలక పైభాగం 10 చదరపు అడుగులు, కాళ్లు, పట్టీలు కలిపి సుమారు 15. స్పిరిట్ లక్కకు కలిపి లీటరున్నర, రిమూవర్ అర లీటరు, స్టెయిన్ 200 మి.లీ., పీయూ అర లీటరు, దాని థిన్నర్ పావు లీటరు. ప్రైమర్ పావు లీటరు, ఎనామిల్ పావు లీటరు సరిగ్గా సరిపోవచ్చు, అర లీటరు తీసుకుంటే నిశ్చింత. 120, 180 పేపర్లు నాలుగేసి, 80 ఒకటి, 240 ఒకటి, 320 మూడు. బ్రష్‌లు రెండంగుళాలవి రెండు, క్లియర్‌కు ఒకటి, రంగుకు ఒకటి. క్లియర్ బ్రష్ మాత్రం చవకది కొనొద్దు, వెంట్రుకలు ఊడి పొరలో ఇరుక్కుంటాయి.

తుంగభద్ర_అక్క (కర్నూలు)
గుడ్డల సంగతి కూడా. అవిసె నూనె ఉన్న స్టెయిన్ గానీ నూనె పాలిష్ గానీ తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో వేడి బయటికి పోక నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. 40 దాటిన ఎండల్లో ఇంకా తొందరగా. విప్పి ఒక్కొక్కటిగా దండెం మీద ఆరేయండి, లేదా నీళ్లు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.

బురుజు_వీధి (కర్నూలు)
అన్నీ రాసుకున్నా. ఆఖరిది: అయినాక ఎన్నాళ్లకు వాడొచ్చు? కుక్కరు నేరుగా పెట్టొచ్చా?

పాలిష్_అన్న (కడప)
మరుసటి రోజు చేయి పెట్టొచ్చు, ప్లేట్లు వారం తర్వాత. ప్లాస్టిక్ కవరు, రెగ్జిన్ మాత్రం మూడు వారాలు పరచొద్దు, కింద గాలి ఆడక అచ్చు పడుతుంది. కుక్కరు నేరుగా ఎప్పుడూ వద్దు. ఒక కడప బండ ముక్క కోయించుకుని దాని మీద పెట్టుకో.

తాడిపత్రి_బండ (అనంతపురం జిల్లా)
ఉత్త బండ పెడితే పది నిమిషాల్లో వేడంతా కిందికి దించుతాదన్నా. బండ అడుగున నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించమను, నడుమ గాలి ఆడాల.